అది టీ మరక కాదు

బల్లమీద ఉన్నది టీ మరకేనని ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా తీర్మానించేశారు. పదకొండు రోజులుగా పొద్దున్నే అదే విచారణ, అదే తీర్పు. ముద్దాయి ఈ వ్యాసకర్త. “పేపరు చదువుకుంటా గ్లాసు ఒలకబోస్తారు, అడిగితే నేను కాదంటారు” అంటుంది ఇల్లాలు. “పోనీలే అత్తయ్యా, వయసు మీదపడితే చెయ్యి వణకదా?” అని కోడలు మామగారి తరఫున వాదిస్తున్నాననుకుని శిక్ష పెంచుతుంది. ఆరేళ్ల మనవడొక్కడే శాస్త్రీయంగా వ్యవహరించాడు. మరకను వేలితో రుద్ది, వేలు నోట్లో పెట్టుకుని, “ఉప్పగా ఉంది తాతా” అన్నాడు. వాడి సాక్ష్యం చెల్లదన్నారు.

అది తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు తలచుట్టూ గోధుమరంగులో సన్నగా కారి, చెక్కమీద రూపాయి బిళ్లంత వలయం కట్టింది. మరక పట్టదని పేరులోనే హామీ ఇచ్చిన లోహం మరక పెట్టడం ఒక ఎత్తు. ఆ జబ్బును లోహాల నిపుణులు కూడా ‘టీ మరక’ అనే పిలుస్తారని తెలియడం ఇంకో ఎత్తు. ఈ విషయం వ్యాసకర్త ఇంట్లో చెప్పలేదు. చెబితే కేసు అక్కడితో మూసేస్తారు.

బజార్లో స్టీలని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం 304 రకం. నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెలు. గాలి తగలగానే క్రోమియం కంటికి కనబడనంత పల్చటి పొర కప్పుకుని లోపలి ఇనుమును కాపాడుతుంది. ఉప్పుగాలిలోని క్లోరైడు ఆ పొరను సూదితో పొడిచినట్టు పొడుస్తుంది. అల విరిగే చోటినుంచి నాలుగైదు కిలోమీటర్ల లోపల ఇది మామూలే. వ్యాసకర్త ఇల్లు మైపాడు రోడ్డులో, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ పోటు తట్టుకోవాలంటే రెండు మూడు పాళ్లు మాలిబ్డినం కలిసిన 316 రకం కావాలి. అమ్మినాయన మాత్రం గల్లాపెట్టెలోంచి అయస్కాంతం తీసి బోల్టుకు ఆనించి, “అంటుకోలేదు చూడండి సార్, అసలు సిసలు సరుకు” అన్నాడు. 304కీ అయస్కాంతం పెద్దగా అంటుకోదు, 316కీ అంటుకోదు. ఆ రెంటినీ అయస్కాంతంతో తేల్చడమంటే, చీర రంగు చూసి అక్కచెల్లెళ్లలో పెద్దదెవరో చెప్పడమే.

అసలు చెట్టుకింద చెక్కబల్ల ఎందుకు? మోకాళ్లున్నాయని తెలిసొచ్చే వయసులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. వడ్రంగి ఆచారి “రేపొస్తా సార్” అన్న రోజుకూ వచ్చిన రోజుకూ మధ్య ఏం జరిగిందో కూడా ఎవరికీ వివరించే పని లేదు. ఒక దీపావళి, ఒక సంక్రాంతి జరిగాయి.

కావాల్సిన బల్ల ఎలా ఉంటుందో సినిమాల్లో అందరూ చూసే ఉంటారు. నడుమ బల్ల, రెండు పక్కలా దానికే అతికిన బెంచీలు, కాళ్లు ఏటవాలుగా. పొడవు 6 అడుగులు, ఎత్తు 30 అంగుళాలు, బెంచీ ఎత్తు 18 అంగుళాలు. పైన ఆరంగుళాల పలకలు అయిదు, బెంచీకి రెండేసి, మందం అంగుళంన్నర. కాళ్లు, అడ్డకర్రలు, తరుగు అన్నీ కలుపుకుంటే 6 ఘనపుటడుగుల కలప. కాగితంమీద ఇంతవరకూ ఏ తప్పూ లేదు.

కలప అనగానే సలహాలొచ్చాయి. నెల్లూరు తీరంలో ఎటు చూసినా సరుగుడు తోపులే కాబట్టి మొదటి సలహా సరుగుడు. గట్టి కర్రే, సందేహం లేదు. కానీ పలక కోస్తే పగుళ్లు, ఎండితే వంకరలు, నేలకు తగిలితే చెదలు. దాని బతుకు పందిరి గుంజకీ కాగితం మిల్లుకీ రాసిపెట్టి ఉంది. రెండో సలహా, ఎవరో నవ్వుతా ఇచ్చింది, ఎర్రచందనం. వెలిగొండల్లో ఉంది కదా, పక్కనే. పక్కనే ఉంది నిజమే. దాంతో బల్ల చేయిస్తే భోజనం మాత్రం ప్రభుత్వం వారే పెడతారు, పళ్లెం కూడా వాళ్లదే. ఉదయగిరి చెక్క చెంచాల పనివాళ్లు వాడే నర్ది, బిక్కి కర్రల గురించి అడిగితే, ఆ కర్రలు చెంచాకు సరిపోతాయిగానీ బావమరిదికి సరిపోవన్నారు. బావమరిది సంగతి ముందు వస్తుంది.

తాడిచెట్టు సంగతి వేరు. టేకు, వేప, తుమ్మ లాంటి మానులన్నిటికీ చేవ నడుమ ఉంటుంది. తాటికి గట్టిదనమంతా బయట ఉంటుంది, లోపలంతా పీచు, దూది. అందుకే పాత ఇళ్లలో తాటి దూలాలు తరాల తరబడి నిలిచాయి, అందుకే తాటిమానును పలకలుగా కోసి బల్ల చేయడం కుదరదు. పైన వేసిన గీత లోపలికి నాలుగు వేళ్లు దిగేసరికి మెత్తనవుతుంది. కొందరు మనుషుల్లాగే అనబోయి వ్యాసకర్త ఆగాడు. బంధువులు ఈ పత్రిక చదువుతారు.

చేవ అనే మాట మన భాషలో మనిషికీ మానుకీ ఒకటే కావడం చక్కటి సంగతి. నరికిన టేకుమాను అడ్డకోతలో నడుమ ముదురు గోధుమరంగులో కనబడేదే చేవ. చుట్టూ పాలిపోయి ఉండేది చెట్టు బతికున్నప్పుడు నీళ్లు మోసిన చెక్క. చెదలకీ బూజుకీ టేకు లొంగదన్న పేరంతా చేవ సంపాదించిపెట్టింది. తెల్లచెక్కకు ఆ పేరులో వాటా లేదు, డిపోలో ధరలో మాత్రం ఉంది. తోటలో తొందరగా నరికిన కుర్రమానులో తెల్లచెక్కే ఎక్కువ. అయిదు పలకల్లో రెండింటికి ఒక అంచు పాల మీగడలా తెల్లగా ఉందని చూపిస్తే డిపో ఆయన, “చేవ కలిగిన చెక్కే సార్, రవ్వంత రంగు తక్కువ” అన్నాడు. ఆచారి ఆయనకు వంతపాడి, “స్టెయినర్ కొడితే కలిసిపోద్ది” అన్నాడు. చేవ లేనిదానికి రంగేసి కలిపేయడం ఈ రాష్ట్రంలో కొత్తేమీ కాదు కాబట్టి వ్యాసకర్త డబ్బు కట్టాడు. కాళ్లకు మాత్రం నల్లతుమ్మ, ఆచారి మాటమీద. బండిచక్రాలకు వాడిన కర్ర, మీ బల్ల ఎంత అన్నాడు.

తర్వాత సందుల యుద్ధం. చెక్క పొడవుకు దాదాపు పెరగదు, తరగదు. అడ్డానికి మాత్రం ఊపిరి పీలుస్తుంది. ఆరంగుళాల టేకు పలక రోహిణీ కార్తె ఎండకూ ముసురు రోజుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. అలాంటివి అయిదు పక్కపక్కన ఉన్నాయి. పలకల మధ్య పెన్సిలు పట్టేంత సందు వదిలితే నీళ్లూ జారిపోతాయి, చెక్కకూ చోటుంటుంది. ఆచారికిది ప్రాణం పోయినా నచ్చలేదు. “సందులుంటే పని రానోడు చేసినాడంటారు సార్. మా నాయన చేసిన తలుపు సందులో చీమ దూరదు.” తలుపు ఇంటికి ఉంటుంది, ఇది వానలో ఉంటుంది అంటే, వానలో బల్ల ఎందుకు పెట్టుకుంటారని అడిగాడు. వ్యాసకర్త భోజనానికి ఇంట్లోకి వెళ్లి వచ్చేలోపు పలకలన్నీ చిత్రిక పట్టి, చీమ కాదుకదా చీమ ఆలోచన కూడా దూరకుండా బిగించేశాడు. చూడ్డానికి అద్దంలా ఉంది. తప్పని చెప్పడానికి నోరు రాలేదు.

ఒక్క మాట నెగ్గింది. కాళ్లకింద కడప బండ ముక్కలు. చెక్కకు నోరు కొసల్లో ఉంటుంది. నిలబెట్టిన కాలు నేలలో తేమను దీపపు వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తుంది. తేమ నూటికి 20 పాళ్లు దాటిందంటే బూజు కాపురం పెడుతుంది. బండ పెడితే చెదలు కూడా దాక్కుని ఎక్కలేవు, మట్టిగూడు కట్టుకుంటూ బండమీద కనబడుతూ రావాలి.

వార్నిష్ ముచ్చట రెండు ముక్కల్లో అయిపోతుంది. మాఘంలో మూడు పూతలు పూశారు. రోళ్లు పగిలే రోహిణిలో అది ఉడికించిన గుడ్డు పొరలా లేచింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పారదర్శకంగా ఉన్న వార్నిష్ గుండా దూరి, చెక్క పైపొరలో నారలను అతికించి ఉంచే లిగ్నిన్‌ను తినేస్తాయి. కింద పట్టు పోయాక పైపొర దేన్ని పట్టుకుని ఉంటుంది? నూనె నయమన్నారు. మన తీరాల్లో పడవలకు చేపనూనె, జీడిపిక్కల నూనె పూసేవారని చదివి వ్యాసకర్త ఉత్సాహపడితే, చేపనూనె పూసిన బల్లమీద భోంచేసేది వీధిలో పిల్లులేనని ఇల్లాలు తేల్చింది. చివరికి అవిసె నూనె. పూసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. ఇది హాస్యం కాదు, విప్పి ఆరేయండి.

ఇక కార్తీకం. తెలుగువాళ్లు ఊరంతా చెట్లకింద భోంచేయడానికి ఏడాదిలో ఏరికోరి పెట్టుకున్న నెల, నెల్లూరికి ఏడాదిలో ఎక్కువ వాన కురిసే నెల ఒకటే. 1927 నవంబరులో నెల్లూరును ముంచిన తుపాను కార్తీకంలో వచ్చింది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటింది కార్తీకంలోనే. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పాన్ని దాటుకుని మరీ కావలి దగ్గర తీరం తాకిన తుపానుకు కూడా దొరికింది కార్తీకమే. ఉసిరిచెట్టు కింద భోజనం పుణ్యమంటారు, పుణ్యం ఊరికే ఎలా వస్తుంది?

బల్ల చేయించిన ఏడు తుపాను రాలేదు. నాలుగు రోజుల ముసురు పట్టి తెరిపిచ్చిన ఆదివారం వనభోజనాలు పెట్టుకున్నారు. బల్ల దగ్గరికి వెళ్లేసరికి పలకలు నీళ్లు తాగి, పక్కకు జరగడానికి చోటులేక, నడుమ రెండూ ఒంటె మూపులా లేచి ఉన్నాయి. సాంబారు గిన్నె పెడితే ఎటు దొర్లాలో తనే నిర్ణయించుకుంటోంది. ఆచారికి ఫోన్ చేస్తే, “ఎండొస్తే సర్దుకుంటాది” అన్నాడు.

రెండో ఆటంకం పెద్దమ్మ. ఎనభై దాటిన మనిషి, బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బెంచీ దాటాలంటే కాలెత్తి అవతల వేయాలని గ్రహించి, అక్కడే ఆగిపోయింది. “నేను గుర్రం ఎక్కాల్నా, అన్నం తినాల్నా?” సమాధానం లేదు. ఆ బల్ల ప్యాంట్లు తొడిగే దేశంలో పుట్టింది. చీర కట్టినవాళ్లు, పంచె కట్టినవాళ్లు దానిమీద కూర్చోవాలంటే ముందు మర్యాద వదులుకోవాలి. ఆడవాళ్లంతా పెద్దమ్మతోపాటు జంఖానా పరిచి కూర్చున్నారు. బల్లమీద మిగిలింది మగవాళ్లు నలుగురు. ఒకవైపు వ్యాసకర్త, అల్లుడు. ఎదురుగా బావమరిది, ఆయన కొడుకు.

బెంచీ కాళ్లకు అవతల, గాల్లో ఉంటుంది. రెండువైపులా బరువుంటేనే బల్ల నిలబడుతుంది. అల్లుడు పెరుగు తేవడానికి లేచాడు. వ్యాసకర్త బరువు 58 కిలోలు. బావమరిది బరువు మూడంకెల్లో ఉందని తప్ప ఎవరికీ తెలియదు, ఆయన చెప్పడు. క్షణంలో వ్యాసకర్త ఆకాశంవైపు, బావమరిది భూమివైపు ప్రయాణం కట్టారు. మధ్యలో చారు తనకు తగిన దారి ఎంచుకుంది. కార్తీకం కాబట్టి చారు, మరో నెలయితే చేపల పులుసు అయ్యుండేది. “ఏంది బావా ఇది, బల్లా తక్కెడా?” అన్నాడాయన నేలమీద నుంచి. ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి పండక్కీ వస్తుంది.

అంతా సర్దుకున్నాక ఇల్లాలు తన చీర చూసుకుంది. కుచ్చిళ్ల దగ్గర నల్లటి చారలు. బల్లకాళ్ల నిండా కూడా అవే, బోల్టు బోల్టుకూ కింద కాటుక ఏడ్చినట్టు. మొదటిసారి వాడినవి బంగారు రంగు పూత బోల్టులు. ఆ పూత ఉప్పుగాలికి ఒక వర్షాకాలం కూడా ఆగలేదు. లోపలి ఇనుము తడిసి, నల్లతుమ్మలోని టానిన్‌తో కలిసి నల్లరంగు పుట్టించింది. శ్రీకాళహస్తి కలంకారీ నలుపు పుట్టేదీ ఇలాగే. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి కసీం తీస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డమీద దాంతో గీస్తే నల్లబడుతుంది, ఉతికినా పోదు. ఈ వివరం వ్యాసకర్త చాలా ఆసక్తికరంగా చెప్పాడు. ఇల్లాలు పూర్తిగా విని, “కలంకారీ అయితే డబ్బిచ్చి కొనుక్కుంటా” అంది. చీర మార్చుకుని వచ్చింది. చార పోలేదు.

మేకు మీద కోపం ఆరోజు మొదలైంది. ఇక్కడ పాఠకులు కాసేపు బల్లను మరిచిపోవాలి. వ్యాసకర్త కూడా మరిచిపోయాడు, సుమారు నెలన్నరపాటు.

ఉప్పుగాలిలో ఇనుము నిలవదని ఈ తీరంవాళ్లకు ఎప్పుడో తెలుసు. వాళ్లు మంచి మేకు కోసం వెతకలేదు, మేకునే మానేశారు. తెప్ప అంటే దుంగలను తాళ్లతో కట్టింది, అందులో మేకు లేదు. కోరమండల్ తీరంలో పెద్ద అలల్లో తిరిగిన మసూలా పడవలో పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. బట్ట కుట్టినట్టే. అంచుల్లో వరస బెజ్జాలు, కుట్టు కింద గడ్డి దిండులా కూరడం, లోపల పక్కటెముకల్లాంటి అడ్డకర్రలు కూడా లేవు. చెన్నపట్నానికి ఓడరేవు లేని రోజుల్లో దూరాన లంగరేసిన ఓడల్లోంచి దొరలనూ దొరసానులనూ వాళ్ల పెట్టెలనూ ఒడ్డుకు చేర్చింది ఈ కుట్టుపడవలే. మేకులు కొట్టిన ఓడ వాళ్లను సముద్రాలు దాటించి తెచ్చింది, ఆఖరి అరమైలు మాత్రం దారంతో కుట్టినదాన్ని నమ్ముకోవాల్సి వచ్చింది.

ఇది చదివాక ఆగితే బాగుండేది. ఆగలేదు. 13వ శతాబ్దంలో మార్కో పోలో హోర్ముజ్ రేవులో కుట్టుపడవలను చూసి, ఇవేం ఓడలని పెదవి చప్పరించాడు. మేకు కొడితే చెక్క కుండలా పగులుతుందని వాళ్లు కుట్టుకుంటున్నారని రాశాడు. మన భోజరాజు పేరుమీద ఉన్న యుక్తికల్పతరువు ఇంకో అడుగు ముందుకేసి, సముద్రంలో అయస్కాంతపు రాళ్లుంటాయి, ఓడలో ఇనుముంటే లాగేసుకుంటాయి కాబట్టి ఇనుము వాడొద్దంది. చూడండి, వెయ్యేళ్ల కిందటే బోల్టుకు అయస్కాంతం పెట్టి చూడమన్నారు. మన కొట్టాయనది సంప్రదాయమే. 1980-81లో టిమ్ సెవెరిన్ అనే ఆయన ‘సొహార్’ అనే ఓడను ఒక్క మేకు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టించి, ఒమన్ నుంచి చైనాదాకా వెళ్లాడు. 2025 మేలో మన నౌకాదళం కార్వార్‌లో ‘కౌండిన్య’ అనే కుట్టు ఓడను చేర్చుకుంది, అజంతా బొమ్మలో ఉన్న ఓడను చూసి కట్టింది. శాతవాహనుల నాణేలమీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. ఆ నాణెం బొమ్మను వ్యాసకర్త భూతద్దంతో మూడు రాత్రులు చూశాడు. మేకులు కనబడలేదు. నాణెం గోరంత, ఓడ వడ్లగింజంత, మేకు కనబడే ప్రశ్నే లేదు. అయినా కనబడలేదు కాబట్టి లేవని రాసుకున్నాడు. “బల్ల ఏమైంది?” అని ఇల్లాలు అడిగితే, “శాతవాహనుల దాకా వచ్చా” అన్నాడు.

అంతదూరం వెళ్లినవాడు ఊరికే తిరిగి రాడు. కొబ్బరి తాడు రెండు చుట్టలు కొన్నాడు. కుట్టడం తెలిసిన మనిషి కోసం పాలేల వెంట తిరిగాడు. మూడో పాలెంలో ఒక పెద్దాయన, వయసులో కుట్టుపడవల పని చేసినవాడు, ఎండలో వల బాగుచేసుకుంటూ దొరికాడు. ఆటోలో ఇంటికి తీసుకొచ్చి బల్ల చూపిస్తే చుట్టూ తిరిగి, వేలితో కొట్టి చూశాడు.

“ఏంది సార్ కుట్టేది, దీన్నా?”

“అవును పెద్దాయనా. మేకు లేకుండా.”

“నీళ్లలోకి తోస్తారా?”

“లేదు.”

“అలొచ్చి కొడద్దా?”

“తుపానొస్తే తప్ప కొట్టదు.”

“మరింకెందుకు సార్ కుట్టేది? కుట్టిన పడవ అలకి ఒంగద్ది. ఒంగబట్టే పగలదు. మీ బల్ల ఒంగితే పులుసు ఒళ్లో పడద్ది.”

వెయ్యేళ్ల చరిత్ర నాలుగు మాటల్లో కూలింది. పైగా తాడు ఎండకు చీకి, వానకు నాని వదులవుతుంది. పడవనైతే ఎప్పటికప్పుడు విప్పి మళ్లీ కుట్టుకునేవారు. బల్లను ఏటా విప్పి కుట్టే ఓపిక ఎవరికుంది? ఇప్పుడు కుట్టు పడవలున్నాయా అని అడిగితే, “ఇంకేడ సార్, అంతా ఫైబరే. సునామీ తర్వాత అందరికీ అయ్యే ఇచ్చినారు” అన్నాడు. అంటూనే చుట్టలోంచి తాడు కొస లాగి, రెండు పలకల మధ్య అలవాటుగా ఒక మెలిక వేసి బిగించి చూపించాడు. ఆ చేతులకు బల్ల సంగతి పట్టలేదు. మళ్లీ విప్పేసి, తాడు చుట్టి చేతికిచ్చి, “దీన్ని బావికి వాడుకోండి” అన్నాడు. బావి లేదు, బోరుంది.

చివరికి ఆచారే వచ్చాడు. పలకలు ఊడదీసి, తెల్ల అంచులు చెక్కేసి, ఈసారి పెన్సిలు సందు వదిలాడు. తెల్ల అంచు పోయిన మేర సందులకు సరిపోయింది కాబట్టి బల్ల వెడల్పు మారలేదు. కాళ్ల కొసలు బెంచీల బయటి అంచుదాకా జరిపాడు, బావమరిది కోసం. పెద్దమ్మకోసం ఒకవైపు బెంచీ తీసేసి విడి పీట చేశాడు. పాత బోల్టుల చోట 304 స్టీలు బోల్టులు బిగించాడు. పనంతా అయ్యాక చెయ్యి తుడుచుకుంటుంటే వ్యాసకర్త అడిగాడు, ఎన్నాళ్లు వస్తుందని.

“పాతికేళ్లు ఢోకా లేదు సార్,” అన్నాడు ఆచారి. వ్యాసకర్తను ఒకసారి పైనుంచి కిందికి చూసి, “మీకు చాలు” అన్నాడు.

అందులో దురుద్దేశం లేదు. కొలతలు తీసే మనిషి, కొలిచి చెప్పాడు. 62కు 25 కలిపితే 87. ఆరోజుదాకా వ్యాసకర్త ఆలోచనంతా బల్ల ఎప్పుడు పాడవుతుందోనని. ఇద్దరిలో ముందు ఎవరన్న లెక్క వేసుకోలేదు. ఆ పెద్దాయన కుట్టిన పడవలు ఒక్కటీ మిగల్లేదు, ఆయన మిగిలాడు. ఇక్కడ బల్ల మిగులుతుంది. సాయంత్రం గాలి సముద్రం మీదనుంచి వచ్చేవేళ విడి పీటమీద కూర్చుంటే, మనవడు పాతికేళ్ల తర్వాత ఇదే బల్లను చూసి ఏమంటాడో తెలుస్తూనే ఉంటుంది. తాత ఎప్పుడూ దీనిమీద టీ ఒలకబోసేవాడు అంటాడు.

అందుకే 316. నెల్లూరు బజారంతా తిరిగినా విడిగా ఎవరూ ఇవ్వలేదు, తెప్పించాలంటే పెట్టె లెక్కన తెప్పించాలన్నారు. పెట్టెకు 50. కీలుకు రెండు చొప్పున బల్లకు కావాల్సింది 16. పాతవి తీసేసి కొత్తవి బిగించి ఇవాళ్టికి నాలుగు రోజులు, మరక రాలేదు. మిగిలిన 34 బోల్టులు రెండు బల్లలకు సరిపోతాయి, రెండు అదనం. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు ఎవరైనా చెట్టుకింద బల్ల చేయించుకునే ఉద్దేశంలో ఉంటే వ్యాసకర్త కొన్న ధరకే ఇస్తాడు. వాషర్లకు డబ్బు తీసుకోడు. కొబ్బరి తాడు రెండు చుట్టలు కూడా ఉన్నాయి.